డాబా గార్డెన్స్ ఫ్రేము దుకాణం: సైఫై పోస్టరు చుట్ట చంకలో పెట్టుకుని వెళ్లే కుర్రాళ్లకు

దుకాణం విశాఖపట్నం డాబా గార్డెన్స్ సందుల్లో ఉంది. బోర్డు మీద ‘ఫొటో ఫ్రేమ్ వర్క్స్’ అన్న మాట తప్ప వేరే హంగేమీ లేదు. గుమ్మంలో వెంకటేశ్వరస్వామి, సాయిబాబా పటాలు, లోపల పెళ్లి ఫొటోలు, గోడకు ఆనించిన బీడింగ్ కర్రలు. వాటి మధ్య అప్పుడప్పుడూ ఒక అంతరిక్ష నౌక పోస్టరు కనిపిస్తుంది. సినిమా సరుకు కోసం పెట్టిన దుకాణం కాదు కాబట్టి దేవుడి పటానికి వాడే పద్ధతే పోస్టరుకూ వాడేస్తారు. ఈ రివ్యూ రాయడానికి కారణం అదే.

తీర్పు ముందే చెప్పేస్తే మీకు టైము కలిసొస్తుంది. కర్ర కోత, మూలల జాయింట్లు ఊళ్లో చాలాచోట్ల కంటే బావుంటాయి. అద్దం వెనక ఏం పెడుతున్నారు, ఏంతో అతికిస్తున్నారు అనేది మాత్రం దగ్గరుండి చెప్పి చేయించుకోవాలి. చెబితే వింటారు, విసుక్కోరు. చెప్పకుండా వదిలేసి వస్తే పోస్టరు వెనక ఫెవికాల్ పూసేస్తారు.

కౌంటరు దగ్గర మొదటి ప్రశ్న ఇలా వస్తుంది: “లేమినేషన్ కొట్టీమంటావేటి బాబూ? అద్దం ఖర్చు ఉండదు.” జవాబు మీ పోస్టరు ఎలాంటిదన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న కొత్త ప్రింటు అయితే నిక్షేపంగా కొట్టించుకోండి. ఎండీఎఫ్ (చెక్కపొడి నొక్కి చేసిన) పలక మీద అతికించి పైన ప్లాస్టిక్ పొర నొక్కుతారు. బరువు తక్కువ, పగలదు, తడిగుడ్డతో తుడుచుకోవచ్చు. పాడైతే ఇంకోటి కొనుక్కుంటారు. థియేటరు కోసం అచ్చయిన అసలు పోస్టరుకు మాత్రం లేమినేషన్ అంటే చావే. వేడికి కరిగిన జిగురు కాగితం పీచులోకి దిగిపోతుంది, మళ్లీ ఊడదు. సేకరించేవాళ్లు అలాంటిదాన్ని ముట్టుకోరు.

కాబట్టి దుకాణం మెట్లెక్కే ముందే మీ చేతిలో ఉన్నదేమిటో తేల్చుకోండి. ముందు టేపు పెట్టి కొలవండి. అమెరికాలో థియేటర్లకు పంపే వన్‌షీటు 1980ల నడిమి దాకా 27×41 అంగుళాలు, ఆ తర్వాత 27×40. మీది 24×36 అయితే గదిలో తగిలించుకోవడానికి అమ్మే మామూలు పోస్టరే. 80ల మొదటి దాకా థియేటర్లకు పోస్టర్లను మడతపెట్టి పంపేవారు కాబట్టి పాతదాని మీద మడత గీతలుంటే బెంగపడనక్కర్లేదు. 1977 నాటి స్టార్ వార్స్ పోస్టరు ఒక్క మడతా లేకుండా తళతళలాడుతూ చవగ్గా దొరికిందంటే అప్పుడు అనుమానించాలి. ఆ కాలం పోస్టర్ల కింది అంచున నేషనల్ స్క్రీన్ సర్వీస్ (అమెరికాలో థియేటర్లకు పోస్టర్లు పంపిన సంస్థ) సంఖ్య ఉంటుంది. దాన్లో మొదటి రెండు అంకెలు సంవత్సరం. స్టార్ వార్స్‌ది 77/21. అయితే నకిలీ వేసేవాడు ఆ సంఖ్యతో సహా స్కాన్ చేస్తాడు, అదొక్కటే చూసి మురిసిపోవద్దు. 90ల నుంచి వచ్చిన చాలా వన్‌షీట్లకు వెనక కూడా అచ్చుంటుంది. అదే బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి, లేత రంగులో కనిపిస్తుంది. థియేటర్ల లైట్ బాక్సులో వెనక నుంచి దీపం పడినప్పుడు రంగు వెలవెలబోకుండా అలా వేస్తారు.

అన్నింటికంటే నమ్మదగ్గ పరీక్ష పది రెట్లు పెంచి చూపే భూతద్దం. కురుపాం మార్కెట్ వైపు బంగారం పనివాళ్లు కంటికి పెట్టుకుంటారే, ఆ లెన్సు. బొమ్మలో మనిషి చెంప మీద పెట్టి చూడండి. నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కలు ముగ్గులో చుక్కల్లా వరస తప్పకుండా, చిన్న చిన్న పూల ఆకారంలో ఉంటే ఆఫ్‌సెట్ అచ్చు, అంటే పెద్ద ప్రెస్సులో వేసింది. చుక్కలు ఇసక జల్లినట్టు చెల్లాచెదురుగా ఉంటే ఇంక్‌జెట్ ప్రింటరుతో తీసిన నకలు. ఇంకో తంతు కూడా ఉంది. చుక్కల వరసల మీద మరో చుక్కల వరస పడి అలలు అలలుగా కనిపిస్తుంది, చిన్న అక్షరాల అంచులు మసకబారతాయి. అచ్చు పోస్టరును స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే వచ్చే జబ్బు అది.

తెలుగు పోస్టర్ల సంగతి వేరు. 1991లో వచ్చిన ఆదిత్య 369 లాంటివాటి కోసం తిరిగే కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. ఆ కాలం పోస్టరు కాగితం పలచన, ఒక వైపు నునుపు, రెండో వైపు గరుకు. అంచున ప్రెస్సు పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. వెనక ఎండిన మైదా జిగురు పెచ్చులుంటే అది గోడ నుంచి ఊడదీసిందని అర్థం. జిగురు మరక లేనిది డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు కట్టలోంచి వచ్చి ఉండొచ్చు. విశాఖలోనూ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులు ఉండేవి కాబట్టి అలాంటి కట్టలు ఇంకా అక్కడక్కడా బయటపడుతుంటాయి. పోస్టరు కింద మన థియేటరు పేరుతో చీటీ అతికించి ఉంటే పీకేయొద్దు. బొమ్మ కొంచెం కప్పేసినా ఆ చీటీయే పోస్టరు ఏ ఊళ్లో తిరిగిందో చెప్పే సాక్ష్యం. దుకాణంలో ‘నీట్‌గా చేస్తాం’ అని నీళ్లు తడిపి గీకబోతారు, ఆపండి.

ఇక మన ఊరి గాలి. ఏడాదిలో చాలా నెలలు తేమ 70 శాతం పైనే ఉంటుంది. కాగితానికి 45 నుంచి 55 మధ్య ఉంటే హాయి. తేమ పీల్చిన కాగితం సాగుతుంది, రాత్రి ఏసీ వేస్తే ముడుచుకుంటుంది, తెల్లారితే మళ్లీ సాగుతుంది. నాలుగు అంచులూ జిగురేసి బిగించేస్తే ఆ సాగుడుకు దారి లేక మధ్యలో అలల్లా ఉబ్బుతుంది. నాలుగు నెలలకే ఉబ్బిందని జనం అద్దాన్నో కర్రనో తిడతారు గానీ తప్పంతా అతికింపుది. కాగితం నేరుగా అద్దానికి ఆనుకుంటే ఇంకో కష్టం. అద్దం లోపలి వైపు పట్టిన చెమ్మకు సిరా మెత్తబడి అద్దానికి అంటుకుపోతుంది. తర్వాత ఫ్రేము విప్పితే బొమ్మ అద్దంతో పాటే లేచొస్తుంది.

అందుకే ఈ దుకాణంలో చెప్పాల్సిన మొదటి మాట: “అద్దం పోస్టరుకు తగలకూడదు.” వాళ్లు వెంటనే చుట్టూ రెండంగుళాల మౌంటు (బొమ్మ చుట్టూ అంచులా ఉండే అట్ట) పెడదామంటారు. చిన్నవాటికి బావుంటుంది. వన్‌షీటుకు పెడితే మౌంటు కొలత 31×44 అవుతుంది. వాళ్ల దగ్గరుండే మౌంట్ బోర్డు 32×40. అతుకు వేస్తే మొదటి వానాకాలానికే అతుకు తెరుచుకుంటుంది. దాని బదులు అద్దానికీ పోస్టరుకూ మధ్య అంచుల వెంబడి పావు అంగుళం వెడల్పు, 5 మి.మీ. మందం అక్రిలిక్ పట్టీలు పెట్టించుకోండి. అద్దం అంచును ముందు నుంచి కప్పే ఫ్రేము పెదవి కూడా పావు అంగుళమే కాబట్టి పట్టీలు బయటికి కనపడవు.

లెక్క ఇలా వేయించండి. పోస్టరు 27×40. నాలుగు వైపులా అరంగుళం చొప్పున వదిలితే అద్దం 28×41. ఆ అరంగుళంలో పావు పట్టీకి, పావు కాగితం సాగడానికి. కర్ర ఒకటిన్నర అంగుళం వెడల్పుదైతే బయటి అంచు దగ్గర పొట్టి ముక్క 30½, పొడుగు ముక్క 43½ అంగుళాలు. నాలుగూ కలిపి 148 అంగుళాలు, అంటే 12 అడుగుల 4 అంగుళాలు. వాళ్లు రన్నింగ్ అడుగు లెక్కన 13 వేస్తారు, అది న్యాయమే. పదడుగుల కర్రలు రెండు కోయాలి. ఒక్కో కర్రలోంచి ఒక పొడుగు ముక్క, ఒక పొట్టి ముక్క తీస్తే 46 అంగుళాల చొప్పున మిగులుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది. రూపాయల్లో రేటు రాయడం లేదు. కర్ర రకాన్ని బట్టి ఒకే గోడ మీద మూడు నాలుగు రేట్లుంటాయి. కర్ర అడుగు లెక్క, అద్దం చదరపు అడుగు లెక్క (ఇక్కడ ఎనిమిది), వెనక పలక, కూలీ విడివిడిగా కాగితం మీద రాయించుకుంటే చాలు.

కర్ర ఎంచుకునేటప్పుడు అందరూ ముందు వైపు డిజైను చూస్తారు. మీరు తిప్పి, అద్దమూ పలకా కూర్చునే గాడి లోతు చూడండి. అద్దం 3, పట్టీ 5, పోస్టరు ఆనించే బోర్డు 2, వెనక పలక 3. మొత్తం 13 మి.మీ. దుకాణంలో చవక కర్రల గాడి పది కూడా ఉండదు. వెనక పలక బయటికి పొడుచుకొస్తే మేకులు ఏటవాలుగా కొడతారు, కొన్నాళ్లకు పలక జారుతుంది. 15 మి.మీ. గాడి ఉన్నవి పై వరసలో నాలుగైదు రకాలున్నాయి. నల్లటి సాదా కర్ర అడగండి. బంగారు పూలున్న కర్రలో అంతరిక్ష నౌకను బిగిస్తే లగ్నపత్రికలా ఉంటుంది.

అద్దమా, అక్రిలిక్కా? ఈ కొలతకు 3 మి.మీ. అద్దం ఐదున్నర కిలోలు. అంతే మందం అక్రిలిక్ రెండు కిలోల ఆరువందల గ్రాములు. అద్దెగదిలో గోడకు ఎక్కువ బొక్కలు పెట్టనివ్వని ఓనరు ఉంటే అక్రిలిక్కే నయం. గీతలు పడతాయి, ఖరీదు ఎక్కువ, పొడిగుడ్డతో రుద్దితే దుమ్మును ఇంకా లాగుతుంది. తడిపి పిండిన మెత్తటి గుడ్డతోనే తుడవాలి. వేడికి, తేమకు అక్రిలిక్ కొంచెం పెరుగుతుంది కాబట్టి గాడిలో అటూ ఇటూ కలిపి 3 మి.మీ. ఖాళీ వదిలి కోయమనండి. సరిగ్గా పట్టేలా కోస్తే మే నెలలో మధ్యలో వంగి పోస్టరుకు ఆనుతుంది. ఈ దుకాణంలో మొదట బిగుతుగానే కోస్తారు. దేవుడి పటాలకు మామూలు అద్దం వేసే చేయి కదా.

అతికింపు దగ్గర కాస్త కూర్చోండి. సెల్లోటేపు, బ్రౌన్ టేపు, డబుల్ సైడ్ టేపు మూడూ వద్దు. రెండు మూడేళ్లలో జిగురు పసుపెక్కి ముందు వైపుకు ఊరుతుంది. పోస్టరు పై అంచున మూడుచోట్ల, అంగుళం వెడల్పు పలచటి జపనీస్ టిష్యూ కాగితం ముక్కలతో బోర్డుకు తగిలించి, మిగతా మూడు వైపులూ వదిలేయాలి. క్యాలెండరు మేకుకు వేలాడినట్టు వేలాడాలన్నమాట. జిగురుగా గోధుమ స్టార్చి వాడాలి. ఒక చెంచాకు ఐదు చెంచాల నీళ్లు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూ పాలలా ఉన్నది గాజులా మారేదాకా ఉడికించి, చల్లారాక వడగట్టాలి. వాళ్లు ‘మైదాయే కదా’ అంటారు. మైదాలో స్టార్చితో పాటు బంక ఉంటుంది. పసుపెక్కుతుంది, బొద్దింకలకూ వెండి పురుగులకూ విందు. గోడ పోస్టర్ల జిగురులో మైలుతుత్తం కలిపేది పురుగు పట్టకుండా ఉండాలనే, కానీ రాగి ఉప్పు కాగితానికి మంచిది కాదు. ఇదంతా తలనొప్పి అనుకుంటే పాలియెస్టర్ మూల జేబులు తీసుకెళ్లండి. నాలుగు మూలలూ వాటిలో దూర్చడమే, పోస్టరుకు జిగురు తగలదు. దుకాణంలో అవి లేవు. మీరు తెచ్చి ఇస్తే చక్కగా పెడతారు.

వెనక హార్డ్‌బోర్డు నుంచి పులుపు ఊరి కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఆమ్లం లేని బోర్డు వాళ్ల దగ్గర ఎప్పుడూ ఉండదు. అది దొరక్కపోతే హార్డ్‌బోర్డుకూ పోస్టరు బోర్డుకూ మధ్య పలచటి పాలియెస్టర్ షీటు వేయించండి. పీవీసీ షీటు ఒద్దు. చుట్ట విప్పాక పోస్టరు చుట్టుకుపోతుంటే వాళ్లు ఇస్త్రీపెట్టె తీస్తారు, దానికీ ఒప్పుకోవద్దు. రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి పైన పలక, బరువు పెట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తే దానంతటదే చదునవుతుంది.

దుకాణం వెనక గదిలో అక్రిలిక్ డబ్బాలు కూడా చేస్తారు, యాక్షన్ ఫిగర్లకు. ఈ పనిలో చేయి బావుంది. ఆరంగుళాల బొమ్మకు లోపల 8 అంగుళాల ఎత్తు, 5 వెడల్పు, 5 లోతు సరిపోతుంది. చేతిలో కత్తో తుపాకో ఉంటే దాంతో సహా కొలవాలి. అంచులు క్లోరోఫాంతో అతికిస్తారు, జాయింటు నీళ్లలా కనిపిస్తుంది. సాయంత్రం చేసి రాత్రికే ఇచ్చేస్తారు. డబ్బా మూత తీసి రెండు రోజులు గాలికి పెట్టకుండా బొమ్మను లోపల పెట్టకండి. మిగిలిన ఆవిరి బొమ్మ రంగును మెత్తబరుస్తుంది, అక్రిలిక్ లోపల తెల్లటి మసక పడుతుంది. వెనక పలకకు అడుగునొకటి, పైనొకటి 5 మి.మీ. బొక్కలు అడగండి. మెత్తటి పీవీసీ బొమ్మల్లో మెత్తదనం కోసం కలిపే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి ఊరుతుంది. గాలాడని డబ్బాలో, మన వేడిలో ఆ ఊట బొమ్మ ఒంటి మీదే నిలిచి జిడ్డు జిడ్డుగా తయారవుతుంది. అలా అయితే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల గిన్నెల లిక్విడ్ వేసి కడిగి ఆరబెట్టండి. నాఫ్తలీన్ ఉండలు డబ్బాలో వేయకండి, పాలిస్టైరీన్ బొమ్మల్ని అవి మెత్తబరుస్తాయి. లైటు వెలిగే బొమ్మైతే బ్యాటరీలు తీసేసి పెట్టండి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే తీగల మీద తెల్లగా పేరుకుంటుంది. దాన్ని నిమ్మరసం ముంచిన దూదితో తుడవాలి.

సినిమా టికెట్లను కూడా ఫ్రేము కట్టమని తెస్తున్నారు. పాత థియేటర్ల గులాబి, పసుపు చీటీలకు భయం లేదు. మల్టీప్లెక్స్ టికెట్టు థర్మల్ కాగితం. దాని మీద సిరా ఉండదు, వేడికి నల్లబడే పూత ఉంటుంది. లేమినేషన్ మిషన్లో పెడితే క్షణంలో మొత్తం నల్లగా మాడిపోతుంది. ఈ ముక్క దుకాణంలో తెలిసింది ఒక్కరికే, ఆయన లేనప్పుడు ఇవ్వకండి. మెత్తటి పీవీసీ కవర్లో పెట్టినా అక్షరాలు మాయమవుతాయి. కొన్న రోజే స్కాన్ చేసి, స్కాన్‌ను మంచి కాగితం మీద అచ్చేసి దాన్ని ఫ్రేములో పెట్టించండి. అసలుది చీకట్లో, పాలియెస్టర్ కవర్లో ఉంచండి.

ఇస్తామన్న రోజుకు ఇవ్వడంలో మాత్రం మార్కులు తక్కువ. మూడు రోజులంటే వారం. శ్రావణ మాసం పెళ్లిళ్ల సీజన్లో పది రోజులు వేసుకోండి. ఫోన్ చేస్తే ‘రేపు రాండి’ అంటారు. ఆ వారం మీ పోస్టరు ఎక్కడుంటుందో అడగండి. బల్ల కింద నేల మీద పెడతారు. పైన అటక మీద పలకకు ఆనించి ఉంచమంటే ఉంచుతారు.

తీసుకునేటప్పుడు బ్యాలెన్సు డబ్బు ఇచ్చేముందు నాలుగు సంగతులు చూడండి. ఫ్రేమును నిలబెట్టి మెల్లగా ఊపితే లోపల గలగలలాడకూడదు. మూలల్లో గోరు దూరకూడదు. ఫోను టార్చి పక్కగా పడుకోబెట్టి వేస్తే అద్దం లోపల వెంట్రుకలు, రంపంపొట్టు కనిపిస్తాయి. ఈ దుకాణంలో అది మామూలే, అక్కడే విప్పించి తుడిపించండి. వెనక వైపు కాగితం చుట్టూ అతికి ఉండాలి, ఖాళీ ఉంటే చీమలు దూరతాయి. తగిలించే కొక్కేలు ఇనపవి అయితే మార్చమనండి. సముద్రగాలికి ఏడాదిలో తుప్పు పడతాయి. ‘డి’ అక్షరం ఆకారంలో ఉండే స్టీలు రింగులు వేయించండి, పై నుంచి మూడో వంతు కిందకు, రెండు వైపులా. గోడకు రెండు స్క్రూలు వేయాలి. ఫ్రేము కింది మూలలకు వెనక రబ్బరు బిళ్లలు అంటిస్తే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. బాత్‌రూముకు ఆనుకున్న గోడ, వానజల్లు కొట్టే బయటి గోడ, పడమటి కిటికీకి ఎదురు గోడ ఈ మూడూ మినహాయించండి.

బైక్ మీద తేవద్దు. వెనక కూర్చున్నవాడు పట్టుకున్న 30×43 ఫ్రేము బీచ్ రోడ్డు గాలికి తెరచాపలా లాగుతుంది. ఆటోలో నిలువుగా, అద్దం సీటు వైపుకు పెట్టుకుని రండి.

ఇందాకటి కర్ర ముక్కలు. 46 అంగుళాలవి రెండు మిగిలాయి. లాబీ కార్డు (థియేటరు లాబీలో పెట్టే చిన్న పోస్టరు) 11×14 అంగుళాలు. చుట్టూ ఒకటిన్నర అంగుళం మౌంటు పెడితే 14×17, ఫ్రేముకు ఒక్కో కర్రలోంచి 36 అంగుళాలు చాలు. మీరు డబ్బు కట్టింది 13 అడుగులకే కాబట్టి మిగులు వాళ్లదే. అయినా అలాంటి పొట్టి ముక్కలు వాళ్లకు పెద్దగా పనికిరావు. అడగందే ఇవ్వరు. అడిగితే రెండో ఫ్రేముకు కూలీ, అద్దం డబ్బులే తీసుకుంటారు.